పెట్టె కాదు, లోపలి సరుకు చూడండి!

ఇల్లు కట్టేవాళ్లు ముందు పునాది మీద ఖర్చుపెడతారు. రంగుల సంగతి ఆఖర్న చూసుకుంటారు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనవాళ్లు చాలామంది సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు. ప్రాసెసర్ పేరు, ర్యామ్ అంకె, రంగురంగుల లైట్లు వెలిగే క్యాబినెట్... డబ్బంతా వీటికి పెట్టేస్తారు. మిగిలిన దాంట్లో మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ‘ఏదో ఒకటి’ వెయ్యమంటారు. ఆ ‘ఏదో ఒకటే’ రెండేళ్లు తిరక్కుండా మిగతా అన్నింటినీ మూలన కూర్చోబెడుతుంది.

సెల్‌ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ ఇంటింటికీ వచ్చాక ఇంకా డెస్క్‌టాప్ ఎవరు కొంటారు అనుకుంటున్నారా? పాప ఇంజినీరింగ్‌లో చేరింది, ఇంట్లో ఒకరు ఆన్‌లైన్‌లో పనిచేస్తున్నారు, నాన్నగారు రిటైరై జ్ఞాపకాలు టైపు చేసుకుంటానంటున్నారు, కింద ఉన్న కొట్టుకి లెక్కలు రాయాలి... ఇలాంటి ఇళ్లలో ఇప్పటికీ బల్లమీద కంప్యూటరే నయం. పెద్ద తెర, సరైన కీబోర్డు, ఇంటిల్లిపాదికీ ఒకటే మిషను. అన్నింటికన్నా పెద్ద లాభం: ఏ ముక్క పాడైతే ఆ ముక్క మార్చుకోవచ్చు. ఈ లాభం కోసమే కదా విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకునేది! మరి ఆ ముక్కల్ని ఎంచుకోవడం ఎలాగో చూద్దాం.

ఎంతలో... కాదు, ఎందుకు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే అందరూ సీటీసీ అంటారే, అక్కడికి వెళ్లండి. లేదా మీ ఊళ్లో తెలిసిన షాపుకే వెళ్లండి. మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది.

‘‘బడ్జెట్ ఎంత సర్?’’

మీరు ఓ అంకె చెబుతారు. ‘‘అయితే ఐ5 వేసేద్దాం సర్, పదహారు జీబీ ర్యామ్, ఫ్యూచర్‌కి కూడా చూస్కోనక్కర్లేదు’’ అంటూ కొటేషన్ చేతికొస్తుంది. ఇందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. కానీ మీ అవసరం ఏమిటన్నది ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. అందుకే షాపుకి వెళ్లకముందే ఓ చీటీ మీద ఈ మిషన్‌తో చేసే పనులు రాసుకోండి. నెట్, వీడియో పాఠాలు, ఆఫీసు ఫైళ్లు, ట్యాలీ లాంటి లెక్కలు, ఫొటోలు, సినిమాలు... ఇంతవరకే అయితే మీది సాధారణ కంప్యూటర్. దానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఐ7 అసలే అక్కర్లేదు. వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్, పెద్ద గేములు ఉంటే దారి వేరు, లెక్క వేరు. ఈవారం మన మాట మొదటి రకం గురించే.

ప్రాసెసర్: పేరు చూసి మోసపోవద్దు

ఐ3 కన్నా ఐ5, ఐ5 కన్నా ఐ7 గొప్పవని మనకో లెక్క. ఒకే తరంలో అయితే అది నిజమే. తరం మారితే మాత్రం ఆ లెక్క చెల్లదు. ఉదాహరణకి 2015లో వచ్చిన ఐ7-6700నీ, 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100నీ పక్కపక్కన పెట్టండి. రెండింటికీ కోర్లు నాలుగే. అయినా ఆ ‘చిన్న’ ఐ3 ముందు పాత ఐ7 వెలవెలబోతుంది. పైగా విండోస్ 11కి తగిన ప్రాసెసర్ల జాబితాలో ఆ ఐ7 లేనే లేదు. ‘ఐ7 కంప్యూటర్, చవక’ అని ఎవరైనా అంటే ఏ ఐ7, ఏ ఏడాదిది అని తప్పకుండా అడగండి.

అంకెతో పాటు చివర ఉండే అక్షరం కూడా ముఖ్యమే. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదని అర్థం. అది కాస్త చవకగా వస్తుంది, నిజమే. కానీ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా దాన్ని బిగిస్తే తెరమీద బొమ్మే రాదు! ఏఎండీలో లెక్క మరోలా ఉంటుంది. ఏఎం4 సాకెట్ రైజెన్ రకాల్లో లోపల గ్రాఫిక్స్ కావాలంటే నంబరు పక్కన ‘జీ’ ఉండాలి. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీ అలాంటిదే. ఆరు కోర్లు ఉంటాయి, లోపలి గ్రాఫిక్స్ కూడా కాస్త బలమైనది. ఇంట్లో పిల్లలు చిన్నాచితకా గేములు ఆడతామంటే ఐ3 కన్నా ఇది మేలు.

మదర్‌బోర్డు: మీ పునాది ఇదే

ప్రాసెసర్‌ని ఎంచుకోగానే మదర్‌బోర్డు సగం ఖాయమైపోయినట్టే. ఐ3-12100కి ఎల్‌జీఏ1700 సాకెట్ ఉన్న బోర్డు కావాలి. 5600జీకి ఏఎం4 బోర్డు కావాలి. ఒకదానిది మరోదానికి పట్టదు. ఇంటికైతే హెచ్610 లేదా ఏ520 చిప్‌సెట్ ఉన్న మామూలు బోర్డు చాలు. ఖరీదైన బోర్డు కొంటే కంప్యూటర్ ఏమీ ఎగిరి గంతేయదు.

అయితే ‘మామూలు’ వేరు, ‘నాసిరకం’ వేరు. బోర్డు కొనేముందు నాలుగు విషయాలు చూసుకోండి. ర్యామ్ స్లాట్లు రెండైనా ఉండాలి. ఎస్‌ఎస్‌డీ కోసం ఎన్‌వీఎంఈని తీసుకునే ఎం.2 స్లాటు ఉండాలి. వెనకాల హెచ్‌డీఎంఐ పోర్టు ఉండాలి. బోర్డు కంపెనీకి మీకు దగ్గర్లో సర్వీసు సెంటర్ ఉండాలి. ఎందుకంటే బోర్డు పోయిందంటే దాని మీద కూర్చున్నవన్నీ ఆగిపోతాయి. కొన్నేళ్ల తర్వాత అదే సాకెట్ బోర్డు కొత్తది దొరక్కపోవచ్చు కూడా.

ఒక జాగ్రత్త. హెచ్610 పేరుతోనే డీడీఆర్4 ర్యామ్ తీసుకునేవి, డీడీఆర్5 తీసుకునేవి రెండు రకాల బోర్డులు ఉన్నాయి. ఈ రెండు రకాల ర్యామ్‌లకీ కింద గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకటి ఇంకోదాంట్లో దిగదు. బలవంతంగా నొక్కితే విరిగేది మీ సొమ్మే!

ర్యామ్: అసలు చిక్కంతా ఇక్కడే

కొన్నేళ్లపాటు ర్యామ్ గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. పదహారు జీబీ వేసుకుని హాయిగా ఉండేవాళ్లం. 2025 చివరి నెలల్లో కథ మారింది. ప్రపంచమంతటా కృత్రిమ మేధ కోసం భారీ డేటా సెంటర్లు కడుతున్నారు. వాటికి మెమరీ చిప్పులు టోకున కావాలి. చిప్పులు తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రధానంగా మూడు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఎక్కువ లాభం వచ్చే ఆ సరుకు వైపు అవి మళ్లడంతో మనలాంటివాళ్లు కొనే ర్యామ్‌కి కొరత వచ్చిపడింది, ధర భగ్గుమంది. క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటర్ భారం ఇక్కడ మన ఇంటి బడ్జెట్ మీద పడటమంటే ఇదే.

మరి ఏం చేయాలి? విండోస్ 11కి కనీసం 4 జీబీ ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ అంటుంది. ఆ కనీసం కంప్యూటర్ ఆన్ కావడానికే తప్ప పనిచేసుకోవడానికి కాదు. నాలుగు నెట్ ట్యాబులు, ఒక వీడియో పాఠం, ఒక వర్డ్ ఫైలు తెరిస్తే దాని పని అయిపోతుంది. డబ్బు సరిపోతే 16 జీబీ తీసుకోండి. అదీ ఒకే 16 కాకుండా రెండు 8 జీబీ ముక్కలుగా. రెండు దారుల్లో సమాచారం పారుతుంది కాబట్టి, ముఖ్యంగా లోపలి గ్రాఫిక్స్ మీదే ఆధారపడే మనలాంటి మిషన్లలో తేడా బాగా తెలుస్తుంది. డబ్బు చాలకపోతే ఇప్పటికి ఒక్క 8 జీబీ ముక్క వేయించి, రెండో స్లాటు ఖాళీగా ఉంచండి. అంతేకానీ 4 జీబీవి రెండు వేసి రెండు స్లాట్లూ నింపేయకండి. రేపు పెంచుకోవాలంటే ఆ రెండూ తీసి పక్కన పడేయాల్సి వస్తుంది.

ఇంకో మార్గం ఉంది. మీ దగ్గర ఐదారేళ్ల కిందటి డెస్క్‌టాప్ ఏదైనా మూలన పడి ఉంటే ఒకసారి తెరిపించి చూడండి. అందులో డీడీఆర్4 ర్యామ్ ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పనిచేయించుకోవడం కోసమే డీడీఆర్4 బోర్డు ఎంచుకున్నా తప్పులేదు. ల్యాప్‌టాప్ ర్యామ్ మాత్రం సైజు చిన్నది, డెస్క్‌టాప్‌లో పట్టదు.

హార్డ్‌డిస్క్ రోజులు పోయాయి

పాత కంప్యూటర్ ఆన్ చేసి, ఈలోగా కాఫీ తాగి వచ్చే అలవాటు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నిదానానికి కారణం ప్రాసెసర్ కన్నా లోపల గిర్రున తిరిగే హార్డ్‌డిస్కే. దాని స్థానంలో ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ వేయడం తప్పనిసరి అనుకోండి. ఇందులోనూ రకాలున్నాయి. సాటా రకం సెకనుకి సుమారు 550 ఎంబీ దాకా చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకం, పాత మూడో తరం దారిలో కూడా 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. రోజువారీ పనుల్లో ఈ రెండింటి మధ్య తేడా అంతగా తెలియదు. హార్డ్‌డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా మాత్రం మిషను మారిపోయినట్టే అనిపిస్తుంది.

‘ఎం.2’ అన్నది ఆకారం పేరు, వేగం పేరు కాదు. చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా కనిపించినంత మాత్రాన అది ఎన్‌వీఎంఈ అయిపోదు, సాటా కూడా ఆ ఆకారంలో వస్తుంది. పెట్టె మీద చదివి తీసుకోండి. 500 జీబీ కొంటే విండోస్‌లో 465 జీబీయే కనిపిస్తుంది. అది షాపువాళ్ల మోసం కాదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. అంతే తేడా. వారంటీ మాత్రం చూడాలి. మూడేళ్లదీ ఐదేళ్లదీ రెండూ దొరుకుతాయి. కొంచెం తేడాతో ఐదేళ్లది వస్తుంటే వదులుకోవద్దు. ముఖ్యమైన ఫొటోలు, పత్రాలు ఇంకోచోట కాపీ పెట్టుకోండి. ఎస్‌ఎస్‌డీ పోయేటప్పుడు హార్డ్‌డిస్క్‌లా టకటకమని ముందే చెప్పి పోదు.

ఎస్‌ఎంపీఎస్: ఎవరూ అడగని సంగతి

కొటేషన్‌లో అన్నింటికీ పేరూ మోడలూ ఉంటాయి. ఒక్కదానికి మాత్రం ఉండవు. ‘క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అని ఒకే లైను ఉంటుంది. మీ ఇంటి కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన చిన్న చిన్న వోల్టేజీల్లోకి మార్చి బోర్డుకీ ప్రాసెసర్‌కీ ఎస్‌ఎస్‌డీకీ అందించేది ఇదే. ఇది నాసిరకమై, వోల్టేజీ అటూ ఇటూ అయినప్పుడు చేతులెత్తేస్తే తనొక్కటే పోదు, పక్కవాటినీ వెంట తీసుకుపోతుంది. నలభై యాభై వేల సామానుకి కాపలాదారుణ్ని పెట్టుకునేటప్పుడు ఫ్రీగా వచ్చినవాణ్ని పెట్టుకుంటామా?

‘500 వాట్స్’ అని పెద్దక్షరాల్లో రాసి ఉన్నంత మాత్రాన నమ్మనక్కర్లేదు. అసలు అంత అవసరమూ లేదు. ఐ3-12100 బాగా కష్టపడుతున్నప్పుడు కూడా ఇంటెల్ లెక్క ప్రకారం దాని వాడకం 89 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని మొత్తం సీపీయూ పెట్టె కలిపినా సాధారణంగా 150 వాట్లు దాటదు. కాబట్టి పేరున్న కంపెనీది 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఇంటి మిషనుకి పుష్కలం. పెట్టె మీద ‘80 ప్లస్’ గుర్తు ఉందేమో చూడండి. గోడ నుంచి తీసుకునే కరెంటులో కనీసం 80 శాతం పనికి వాడుతుంది, మిగతాదే వేడిగా పోతుంది అని దాని అర్థం. రేపు అబ్బాయి గ్రాఫిక్స్ కార్డు అడుగుతాడనిపిస్తే ఇప్పుడే 550 వాట్లది, కార్డుకి విడిగా కరెంటు తీగ ఉన్నది తీసుకోండి. క్యాబినెట్ సంగతంటారా? గాలి ఆడేలా ముందు జాలీ, వెనక ఒక ఫ్యాను ఉంటే చాలు. లైట్లు దీపావళికి చూసుకోవచ్చు.

పాత కంప్యూటర్ నుంచి ర్యామ్, కీబోర్డు, క్యాబినెట్ తెచ్చుకోండి, తప్పులేదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం తెచ్చుకోకండి.

ఇంతకీ, మీ ప్లగ్గులో మూడో పిన్నుకి ఎర్తింగ్ ఉందా? క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందంటే చాలావరకు అది లేకపోవడమే కారణం. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాకే కంప్యూటర్ పెట్టండి. కరెంటు వచ్చీ పోయే ఊళ్లలో యూపీఎస్ విలాసం కాదు, అవసరం. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. చాలా కంపెనీల లెక్కలో అది దాదాపు 360 వాట్లే. మన మిషనుకీ మానిటర్‌కీ అది సరిపోతుంది. ఫైలు సేవ్ చేసుకుని పద్ధతిగా ఆపుకోవడానికి పది నిమిషాలు దొరికితే చాలు. దానికి లేజర్ ప్రింటర్ మాత్రం తగిలించకండి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.

కళ్లు చూసేది మానిటర్‌నే

ప్రాసెసర్ ఏదో మీ పాపకి తెలియదు. రోజుకి నాలుగైదు గంటలు ఆమె కళ్లు చూసేది తెరనే. 22 నుంచి 24 అంగుళాలు, 1920 బై 1080 చుక్కలు, ఐపీఎస్ రకం తెర... ఇంటికి ఇది మంచి కొలత. పక్కనుంచి చూసినా రంగులు మారవు. మరీ చవక మానిటర్లలో కొన్నిటికి పాత వీజీఏ పోర్టు ఒక్కటే ఉంటుంది. హెచ్‌డీఎంఐ ఉన్నదే అడగండి. బాగున్న మానిటర్ రెండు కంప్యూటర్ల జీవితకాలం చూస్తుంది. ఇక్కడ ఓ వెయ్యి ఎక్కువైనా వృథా కాదు.

‘విండోస్ ఫ్రీగా వేసిస్తాం’

అసెంబుల్ చేసేచోట ఈ మాట వినని వాళ్లుండరు. లైసెన్సు లేని కాపీని క్రాక్ చేసి వేసి పంపిస్తారు. అదే మిషన్లో మీరు బ్యాంకు లావాదేవీలు చేస్తారు, ఆధార్ కాపీలు దాచుకుంటారు. ఆ క్రాక్‌లో ఇంకేం దూరి ఉందో ఎవరికి తెలుసు? విండోస్ 10కి మామూలు మద్దతుని మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది కాబట్టి కొత్త మిషన్లో అది వేయించుకోవడంలో అర్థం లేదు. లైసెన్సు ఖర్చుని మొదటే బడ్జెట్‌లో రాసుకోండి. అది భారమైతే ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి నిజంగానే ఉచితం. లిబ్రె ఆఫీస్ కూడా అంతే. నెట్, ఉత్తరాలు, పాఠాలు, తెలుగు టైపింగ్ అన్నీ హాయిగా నడుస్తాయి. ట్యాలీ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడితే మాత్రం లైసెన్సు కొనక తప్పదు.

అసలు కొత్తదే కావాలా?

ర్యామ్ ధర మండుతున్నప్పుడు ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు డెస్క్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతుంటారు. ర్యామ్ అందులోనే ఉంటుంది. ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది అయి ఉండాలి. అంతకన్నా పాతదైతే విండోస్ 11కి అధికారికంగా పనికిరాదు. ఎస్‌ఎస్‌డీ కొత్తది వేయించుకోండి, కనీసం ఆరు నెలల రాతపూర్వక వారంటీ అడగండి. ఒక లోటుంది. వీటిలో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ చాలావరకు ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. పాడైతే బజారులో దొరికేవి పట్టవు. చేతిలో డబ్బు తక్కువ, పని తేలిక అయినవాళ్లకి ఇది మంచి దారే. ముక్కముక్కగా పెంచుకుంటూ పోదామనుకునేవాళ్లకి కాదు.

బిల్లే మీ వారంటీ కార్డు

కంపెనీ కంప్యూటర్ కొంటే మొత్తానికి ఒకే వారంటీ ఉంటుంది. అసెంబుల్ చేయిస్తే ప్రతి ముక్కకీ దాని కంపెనీ, దాని గడువు వేరు. పెట్టెలో సీలుతో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకి మూడేళ్లు ఉంటుంది. పెట్టె లేకుండా విడిగా అమ్మే ‘ట్రే’ సరుకుకి ఆ కంపెనీ వారంటీ నేరుగా మీకు రాదు. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అన్న మాటకి లొంగారో, ఆ తగ్గింపు కన్నా పెద్ద నష్టం ముందుంది. జీఎస్టీ బిల్లు తీసుకోండి. అందులో ప్రతి భాగం మోడలు, సీరియల్ నంబరు రాయించండి. ఖాళీ పెట్టెలన్నీ అటక మీద దాచండి. బిగించేటప్పుడు అక్కడే నిలబడి, పెట్టెమీది నంబరూ లోపలి వస్తువు మీది నంబరూ ఒకటేనా అని సరిచూసుకోండి. మొహమాటపడాల్సిన పనేమీ లేదు. సొమ్ము మీది.

ఏ కంప్యూటరైనా పాతబడక మానదు. పాతబడిన రోజున ఒక్క ర్యామ్ ముక్కో, ఎస్‌ఎస్‌డీయో మార్చుకుంటే సరిపోతుందా, మొత్తం ఎత్తి అవతల పడేయాలా అన్నది మాత్రం కొన్న రోజునే తేలిపోతుంది.

షాపుకెళ్లే ముందు ఈ చీటీ...

* ప్రాసెసర్: లోపల గ్రాఫిక్స్ ఉన్నదే. ఇంటెల్‌లో చివర ‘ఎఫ్’ వద్దు. ఏఎం4 రైజెన్‌లో ‘జీ’ ఉండాలి.
* మదర్‌బోర్డు: సాకెట్ సరిపోవాలి. డీడీఆర్4నా, 5నా ముందే తేల్చుకోవాలి. రెండు ర్యామ్ స్లాట్లు, ఎన్‌వీఎంఈ ఎం.2 స్లాటు, హెచ్‌డీఎంఐ తప్పనిసరి.
* ర్యామ్: వీలైతే 8 చొప్పున రెండు. లేదంటే ఒక 8, ఒక ఖాళీ స్లాటు.
* ఎస్‌ఎస్‌డీ: 500 జీబీ, ఐదేళ్ల వారంటీ ఉంటే మేలు.
* ఎస్‌ఎంపీఎస్: క్యాబినెట్‌తో వచ్చేది వద్దు. విడిగా, పేరున్నది, 450 వాట్లు, 80 ప్లస్.
* మానిటర్: 22-24 అంగుళాలు, ఐపీఎస్, హెచ్‌డీఎంఐ.
* ఇల్లు: ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు, 600 వీఏ యూపీఎస్.
* బిల్లు: జీఎస్టీతో, సీరియల్ నంబర్లతో.